మరియా మాంటిస్సోరి

మరియా మాంటిస్సోరి (ఆగష్టు 31, 1870 - మే 6, 1952) ఇటలీ దేశానికి చెందిన వైద్యురాలు, విద్యావేత్త. పసిపిల్లల విద్య కొరకు ఈమె రూపొందించిన పద్ధతి మాంటిస్సోరి విధానం అనే పేరుతో ప్రపంచమంతటా వ్యాపించింది. 1907లో రోము నగరంలోని ఒక పేదవాడలో ఈమె ప్రారంభించిన శిశు పాఠశాల ఈ విధానానికి పుట్టినిల్లు. 1939 నుండి 1946 వరకు ఈమె భారతదేశంలో, ముఖ్యంగా మద్రాసు, కొడైకెనాల్‌లలో నివసించి వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. పిల్లల ఎత్తుకు తగిన బల్లలు, కుర్చీలు, వారి చేతికి అందే అరలు వంటివి నేటి శిశు పాఠశాలలలో సర్వసాధారణం కావడానికి ఈమె కృషి ఒక ముఖ్య కారణం.

బాల్యము, విద్యాభ్యాసము

మరియా మాంటిస్సోరి ఇటలీలోని అంకోనా రాష్ట్రానికి చెందిన కియరవల్లె పట్టణంలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో మాంటిస్సోరి ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగి; స్థానిక ప్రభుత్వ పొగాకు కర్మాగారంలో పనిచేసేవాడు. తల్లి రెనిల్దె స్తొప్పాని ఆ కాలపు స్త్రీలతో పోలిస్తే బాగా చదువుకున్నది. తండ్రి ఉద్యోగరీత్యా ఈ కుటుంబం 1873లో ఫ్లోరెన్స్‌కు, 1875లో రోముకు తరలివెళ్ళింది.

ఆనాడు ఇటలీలో ఆడపిల్లలు చదువుకొంటే ఉపాధ్యాయురాలు కావడమే గొప్ప. మరియా మాత్రం పదమూడవ ఏట మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరింది. మొదట ఇంజనీరు కావాలనుకొన్నా, తరువాత వైద్యం వైపు మనసు మళ్ళింది. తండ్రి ఇందుకు సుముఖుడు కాకపోయినా తల్లి అండగా నిలిచింది. 1890లో రోము విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాల విద్యార్థినిగా చేరి, 1892లో ఆ పరీక్షలలో ఉత్తీర్ణురాలై, 1893లో వైద్య విద్యలోకి ప్రవేశించింది.

వైద్య కళాశాలలో ఆమెకు తోటి విద్యార్థుల నుండి, కొందరు అధ్యాపకుల నుండి వ్యతిరేకత ఎదురైంది. మగవారి సమక్షంలో నగ్న శవాన్ని ఒక స్త్రీ పరీక్షించడం అనుచితమని భావించి, శవపరీక్ష తరగతులను ఆమె ఒంటరిగా, అందరూ వెళ్ళిపోయిన తరువాత చేసుకోవలసి వచ్చేది. ఇన్ని అవరోధాల నడుమ 1896 జూలైలో ఆమె వైద్య పట్టా పొందింది. ఇటలీలో తొలితరం మహిళా వైద్యులలో ఈమె ఒకరు. (ఈమెయే మొట్టమొదటి మహిళా వైద్యురాలని తరచు వ్రాస్తుంటారు కాని, అంతకుముందే కొందరు స్త్రీలు అక్కడ వైద్య పట్టాలు పొందారు). అదే సంవత్సరం బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా సదస్సుకు ఇటలీ ప్రతినిధిగా వెళ్ళి, స్త్రీ పురుషులకు సమాన వేతనం ఉండాలని వాదించింది.

వైద్యం నుండి విద్య వైపు

పట్టా పొందిన తరువాత మాంటిస్సోరి రోము విశ్వవిద్యాలయపు మానసిక వైద్యశాలలో స్వచ్ఛందంగా పనిచేసింది. ఆ పనిలో భాగంగా నగరంలోని పిచ్చాసుపత్రులను సందర్శించేది. మానసిక ఎదుగుదల లోపించిన పిల్లలను ఆ రోజులలో పెద్దవారైన రోగులతో పాటే అక్కడ బంధించి ఉంచేవారు. ఖాళీ గదులలో ఆ పిల్లలకు పట్టుకొని చూడటానికి, ఆడుకోవటానికి ఏ వస్తువూ ఉండేది కాదు. ఈ పిల్లలకు కావలసింది మందుల కంటే ముందు తగిన విద్య అనే నిర్ణయానికి ఆమె వచ్చింది.

ఫ్రాన్సు దేశపు వైద్యులు ఇటార్, సెగైన్ ఇటువంటి పిల్లల కొరకు చేసిన ప్రయోగాలను ఆమె లోతుగా అధ్యయనం చేసింది. ఇటార్ అడవిలో దొరికిన ఒక బాలునికి సంవత్సరాల తరబడి చదువు చెప్పడానికి ప్రయత్నించినవాడు. ఆయన శిష్యుడు సెగైన్ చేతితో తాకి, చూసి, పోల్చి నేర్చుకొనే ఉపకరణాలను తయారుచేశాడు. 1900లో రోములో ఇటువంటి పిల్లల ఉపాధ్యాయుల శిక్షణ కొరకు ఏర్పడిన పాఠశాలకు మాంటిస్సోరి సహ సంచాలకురాలు అయింది. అక్కడ ఆమె శిక్షణలో చదివిన పిల్లలలో కొందరు సాధారణ పాఠశాలల పిల్లలు వ్రాసే పరీక్షలలోనే ఉత్తీర్ణులయ్యారు. అందరూ దీనిని అద్భుతమని మెచ్చుకొన్నారు. ఆమెకు మాత్రం దీనివలన మరొక సందేహం కలిగింది. ఎదుగుదల లోపించిన పిల్లలు ఇంత సాధించగలిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు వారితో సమానంగా మాత్రమే ఎందుకు మిగిలిపోతున్నారు? లోపం పిల్లలలో కాక పాఠశాలలలో ఉన్నదని ఆమె భావించింది. 1901లో ఆ పదవి వదలి, తత్వశాస్త్రము, మానవశాస్త్రము, మనస్తత్వశాస్త్రము చదవడానికి తిరిగి విశ్వవిద్యాలయంలో చేరింది.

కుమారుడు మారియో

సహ సంచాలకుడైన వైద్యుడు జుసెప్పె మాంటెసానోతో ఆమెకు ఏర్పడిన అనుబంధం వలన 1898 మార్చి 31న ఒక కుమారుడు జన్మించాడు. వారిద్దరూ వివాహం చేసుకోలేదు. పెళ్ళికాని తల్లి అని తెలిస్తే ఆమె వృత్తి జీవితం అంతటితో ముగిసిపోయే రోజులవి. బిడ్డను గ్రామ ప్రాంతంలోని ఒక కుటుంబానికి పెంపకానికి ఇచ్చారు. ఆమె అప్పుడప్పుడు వెళ్ళి చూసేది కాని, తాను తల్లినని చెప్పలేదు. మాంటెసానో 1901లో మరొకరిని వివాహమాడాడు. ఆమె ఆ పాఠశాలను విడిచిపెట్టినది కూడా ఆ సంవత్సరమే.

ఆ బాలుడు మారియో తన పదిహేనవ ఏట, మాంటిస్సోరి తల్లి మరణించిన తరువాత, ఆమె దగ్గరకు చేరాడు. అప్పటినుండి జీవితాంతం ఆమెకు సహాయకుడుగా, సహ రచయితగా వెన్నంటి ఉన్నాడు. అయినా చాలా ఏళ్ళ పాటు ఆమె అతనిని బయటివారికి మేనల్లుడిగానే పరిచయం చేసేది. ప్రపంచంలోని పసిపిల్లల కొరకు జీవితాన్ని ధారపోసిన ఈమె స్వంత బిడ్డ పసితనాన్ని చూడలేకపోయింది. ఈమె జీవితచరిత్ర వ్రాసిన వారందరూ ఈ విషయం వద్ద ఆగుతారు.

సాన్ లొరెంజో - బాలల గృహం

రోము నగరంలోని సాన్ లొరెంజో పేట 1880లలో హడావిడిగా కట్టి, గిరాకీ పడిపోవడంతో సగంలో వదిలేసిన అద్దె ఇళ్ళతో నిండి ఉండేది. కూలీలు, బిచ్చగాళ్ళు అక్కడ కిక్కిరిసి నివసించేవారు. ఒక గృహనిర్మాణ సంస్థ ఈ భవనాలను బాగుచేసి అద్దెకు ఇచ్చింది. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్ళినపుడు బడి వయసు రాని పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేయసాగారు. గోడలు చెడగొట్టకుండా పిల్లలను ఒక గదిలో ఉంచి చూసుకొనే ఏర్పాటు చేయమని సంస్థ అధిపతి ఎడువార్డో తలామో మాంటిస్సోరిని కోరాడు. ఒక వైద్యురాలు చేపట్టదగిన పని కాదని కొందరు అన్నా ఆమె వెంటనే అంగీకరించింది.

1907 జనవరి 6న సుమారు యాభై మంది పిల్లలతో ఆ గది ప్రారంభమైంది. దీనికి కాసా దెయి బాంబినీ, అనగా బాలల గృహం అని పేరు పెట్టారు. ఆ భవనంలోనే నివసించే ఒక యువతిని పిల్లలను చూసుకోవటానికి నియమించారు. ఆమె శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు కాదు. తల్లిదండ్రులకు కొన్ని నియమాలు ఉండేవి. పిల్లలను శుభ్రంగా పంపాలి, ఉపాధ్యాయురాలిని గౌరవించాలి, వారానికి ఒకసారి వచ్చి బిడ్డ గురించి మాట్లాడాలి. రుసుము లేదు.

మాంటిస్సోరి ఇక్కడ పిల్లలకు ఏదో నేర్పించడానికి తొందరపడలేదు. వైద్యురాలు రోగిని గమనించినట్లు వారిని గమనించింది. ఆమె తరువాత వ్రాసిన పుస్తకాలలో పేర్కొన్న కొన్ని పరిశీలనలు:

- మూడేళ్ళ వయసున్న ఒక పాప వేరువేరు పరిమాణాలలో ఉన్న కొయ్య దిమ్మలను వాటి రంధ్రాలలో అమర్చే పనిలో మునిగిపోయింది. చుట్టూ పిల్లలు పాటలు పాడినా, ఆమె కుర్చీని ఎత్తి బల్లమీద పెట్టినా పట్టించుకోక, నలభై సార్లకు పైగా అదే పని చేసి, అలసట లేకుండా సంతోషంగా లేచింది.
- ఒకనాడు ఉపాధ్యాయురాలు బీరువాకు తాళం వేయడం మరచిపోయింది. ఆమె వచ్చేసరికి పిల్లలు తమకు కావలసిన వస్తువులను ఎంచుకొని పనిచేసుకొంటున్నారు. తప్పు చేశారని ఆమె దండించబోగా, పిల్లలకు తమ పనిని ఎంచుకొనే శక్తి ఉన్నదని మాంటిస్సోరి గ్రహించింది. తరువాత తాళాల బీరువాల స్థానంలో పిల్లల ఎత్తున తెరచిన అరలు వచ్చాయి.
- బహుమతులుగా ఇచ్చిన పతకాలను పిల్లలు పట్టించుకోలేదు. ఖరీదైన బొమ్మల కంటే నేల ఊడవడం, బల్ల కడగడం, బొత్తాలు పెట్టుకోవడం వంటి నిజమైన పనులనే ఇష్టపడ్డారు.
- ముక్కు చీదుకోవడం ఎలాగో ఒకసారి ఆమె నెమ్మదిగా చూపించగా పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎప్పుడూ తిట్లే గాని ఈ పని ఎలా చేయాలో వారికి అంతవరకూ ఎవరూ చూపలేదు. పిల్లలకు ఆత్మగౌరవం ఉంటుందని ఈ సంఘటన వలన తెలుసుకొన్నట్లు ఆమె వ్రాసింది.

తల్లిదండ్రుల కోరికపై ఆమె గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టలకు అంటించింది. పిల్లలు ఆ అక్షరాలను వేలితో దిద్దుతూ వాటి ధ్వనిని పలికేవారు. కొన్ని నెలలలోనే, ఎవరూ వ్రాయమని చెప్పకుండానే, నాలుగైదేళ్ళ పిల్లలు సుద్దముక్కలతో నేలమీద, తలుపులమీద పదాలు వ్రాయసాగారు. తల్లిదండ్రులలో చాలామంది నిరక్షరాస్యులు. ఈ వార్త దేశదేశాలకు పాకి సాన్ లొరెంజోకు సందర్శకులు బారులు తీరారు.

మంచి శిశు పాఠశాల - మాంటిస్సోరి భావన

మాంటిస్సోరి దృష్టిలో శిశు పాఠశాల పెద్ద బడికి సన్నాహం కాదు, పిల్లలు తమ జీవితాన్ని తాము నిర్మించుకొనే ఇల్లు. పుట్టుక నుండి ఆరేళ్ళ వరకు బిడ్డ పరిసరాలలోని భాషను, కదలికలను, మర్యాదలను అప్రయత్నంగా పీల్చుకొంటుందని ఆమె భావించింది. ఒక్కొక్క నైపుణ్యానికి ఒక్కొక్క అనుకూల కాలం ఉంటుందని, ఆ కాలం దాటితే అదే విషయాన్ని కష్టపడి నేర్చుకోవలసి వస్తుందని చెప్పింది. ఈ భావనకు పేరును ఆమె డచ్చి జీవశాస్త్రవేత్త హ్యూగో ద వ్రీస్ నుండి తీసుకొంది. ఆమె విధానంలోని ముఖ్యాంశాలు:

- పరిసరాలు: బల్లలు, కుర్చీలు పిల్లవాడు స్వయంగా ఎత్తి జరపగలిగేటంత తేలికగా ఉండాలి. పాత్రలు నిజమైనవి, పగిలేవి కావాలి. జాగ్రత్త అన్నది మాటలతో కాక వస్తువులతోనే అలవడుతుంది.
- ఉపకరణాలు: ఒక్కొక్కటి ఒక్క గుణాన్ని మాత్రమే చూపుతుంది. గులాబీ రంగు గోపురంలో ఒక సెంటీమీటరు నుండి పది సెంటీమీటర్ల వరకు పది ఘనాలు ఉంటాయి. రంగు ఒకటే, పరిమాణమే వేరు. తప్పుగా పేర్చితే గోపురమే తప్పును చూపుతుంది. ఉపాధ్యాయురాలు దిద్దనవసరం లేదు. ఒకటి, పది, నూరు, వేయి సంఖ్యలను పూసలు, పూసల కడ్డీలు, చదరాలు, ఘనాల ద్వారా చేతిలోకి తీసుకొని తెలుసుకొంటారు.
- ఒకటే ప్రతి: ఒక్కొక్క ఉపకరణం గదిలో ఒక్కటే ఉండాలి. మరొకరు వాడుతుంటే వేచి ఉండటం పిల్లలు ఉపన్యాసం లేకుండా నేర్చుకొంటారు.
- మిశ్రమ వయసులు: మూడు నుండి ఆరేళ్ళ పిల్లలు కలసి ఉండాలి. చిన్నవారు పెద్దవారిని చూసి, పెద్దవారు చిన్నవారికి చూపి నేర్చుకొంటారు.
- సమయం: గంటలు కొట్టి పాఠాలు మార్చరాదు. పనిలో మునిగిన పిల్లవానిని మెచ్చుకోవడానికైనా సరే ఆటంకపరచరాదు.
- స్వేచ్ఛ, హద్దు: పిల్లవాడు పనిని ఎంచుకోవచ్చును. అయితే వాడిన వస్తువును దాని చోట పెట్టాలి, ఇతరులకు ఇబ్బంది కలిగించరాదు.
- ఉపాధ్యాయురాలు: ఆమె బోధించేది తక్కువ, గమనించేది ఎక్కువ. తక్కువ మాటలతో, నెమ్మదైన కదలికలతో చూపించి పక్కకు తప్పుకోవాలి.

ఖర్చు ఎక్కువ పెట్టిన భవనం కంటే పిల్లలను గమనించడం తెలిసిన ఒక మనిషి ముఖ్యమని ఈ విధానం సారాంశం.

ప్రపంచ వ్యాప్తి

1909లో చిత్తా ది కాస్తెల్లోలో మాంటిస్సోరి తన మొదటి ఉపాధ్యాయ శిక్షణ నిర్వహించింది. ఆ సంవత్సరమే ఆమె ముఖ్య గ్రంథం ఇటాలియన్ భాషలో వెలువడింది. 1912లో వచ్చిన ఆంగ్లానువాదం విశేష ఆదరణ పొందింది. 1913లో ఆమె అమెరికా పర్యటించినపుడు టెలిఫోను ఆవిష్కర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ దంపతులు ఆమెకు అండగా నిలిచారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో గాజు గోడల తరగతి గదిని ఏర్పాటు చేయగా జనం బయటినుండి పిల్లల పనిని చూసేవారు. 1916 నుండి ఆమె ప్రధాన స్థావరం స్పెయిన్‌లోని బార్సిలోనా. 1929లో కుమారునితో కలసి అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘాన్ని స్థాపించింది.

ముస్సోలినీతో సంబంధము

1924 నుండి ఇటలీ నియంత ముస్సోలినీ మాంటిస్సోరి పాఠశాలలకు ప్రభుత్వ సహాయం అందించాడు. పిల్లలు త్వరగా చదవడం, క్రమశిక్షణతో ఉండటం అతనిని ఆకర్షించాయి. తన పాఠశాలలు విస్తరించే అవకాశం ఆమెను ఆకర్షించింది. ఈ సంబంధం ఆమె జీవితంలో ఎక్కువ విమర్శకు గురైన అంశం. స్వయంగా ఆలోచించే పిల్లలను పెంచే విధానం, ప్రశ్నించని పౌరులను కోరే ప్రభుత్వం ఎక్కువ కాలం కలసి నడవలేకపోయాయి. 1934 నాటికి సంబంధాలు తెగిపోయి ఇటలీలో ఆమె పాఠశాలలు మూతపడ్డాయి. జర్మనీలో నాజీలు కూడా ఆమె పాఠశాలలను మూసివేశారు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలు కావడంతో బార్సిలోనా విడిచి చివరకు నెదర్లాండ్స్ చేరింది. ఈ సంవత్సరాలలో ఆమె ఉపన్యాసాలలో శాంతి ప్రధాన విషయమైంది. యుద్ధాలను నివారించడం రాజకీయవేత్తల పని అయితే, శాంతిని నిర్మించడం విద్య పని అని ఆమె వాదించింది.

భారతదేశంలో మాంటిస్సోరి

ఆమె రాకకు చాలా ముందే ఆమె విధానం భారతదేశం చేరింది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించి, మాంటిస్సోరి పద్ధతిని గుజరాతీ పాటలు, కథలు, నాటకాలతో జోడించాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ తరువాత మహారాష్ట్ర గ్రామాలలో, గిరిజన ప్రాంతాలలో తక్కువ ఖర్చుతో బాలవాడీలను నడిపింది. 1931లో లండన్‌లో మహాత్మా గాంధీ మాంటిస్సోరిని కలుసుకొని ఆమె శిక్షణ కళాశాలలో ప్రసంగించాడు.

దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జి అరండేల్, ఆయన భార్య, కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి ఆహ్వానంపై 1939లో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, మారియోతో కలసి ఆమె మద్రాసు చేరింది. అడయారులో తాటాకు పాకలలో జరిగిన మొదటి శిక్షణకు దేశం నలుమూలల నుండి సుమారు మూడువందల మంది వచ్చారు. ఆమె ఇటాలియన్‌లో ఉపన్యసించేది, మారియో ఆంగ్లంలోకి అనువదించేవాడు. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే.

కొద్ది నెలల కొరకు వచ్చిన ఆమెను యుద్ధం ఏడేళ్ళు ఇక్కడే నిలిపివేసింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో చేరగానే బ్రిటిషు ప్రభుత్వం మారియోను శత్రుదేశస్థుడిగా నిర్బంధించింది. ఆమె కదలికలపై ఆంక్షలు విధించింది. ఆ ఆగష్టు 31న, ఆమె డెబ్బైయవ జన్మదిన కానుకగా, వైస్రాయి మారియోను విడుదల చేశాడు. ఆ సందేశంలో అతనిని ఆమె కుమారునిగానే పేర్కొన్నారని జీవితచరిత్రకారులు వ్రాశారు.

యుద్ధకాలంలో కొంత భాగం ఆమె కొడైకెనాల్‌లో గడిపింది. అక్కడ ఆరేళ్ళు దాటిన పిల్లల కొరకు విశ్వం, భూమి, జీవులు, మానవ చరిత్రలను ఒకే కథగా చెప్పే విద్యా ప్రణాళికను తీర్చిదిద్దింది. భారతీయ తల్లులు పసిబిడ్డలను ఎప్పుడూ చంకన ఎత్తుకొని సంతకు, పనికి వెంట తీసుకువెళ్ళడం చూసి, మూడేళ్ళలోపు శిశువుల గురించి ఆమె ఆలోచనలు మరింత విస్తరించాయి. ఆమె చివరి ముఖ్య గ్రంథం అహ్మదాబాదులో ఇచ్చిన ఉపన్యాసాల ఆధారంగా వెలువడింది. 1946లో యూరప్‌కు వెళ్ళి, 1947లో మరల వచ్చి శిక్షణలు నిర్వహించి, 1949లో భారతదేశం విడిచింది.

చివరి రోజులు

1949, 1950, 1951 సంవత్సరాలలో ఆమె పేరు నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించబడింది కాని బహుమతి లభించలేదు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నూర్ద్‌విక్‌లో, ఎనభై ఒకటవ ఏట, మెదడులో రక్తస్రావం వలన మరణించింది. ఆమెను అక్కడి కాథలిక్ శ్మశానవాటికలో ఖననం చేశారు. మారియో 1982లో మరణించేవరకు అంతర్జాతీయ సంఘాన్ని నడిపించాడు.

విమర్శలు, పరిశోధనలు

1914లో అమెరికా విద్యావేత్త విలియం కిల్పాట్రిక్ ఈ విధానాన్ని తీవ్రంగా విమర్శించాడు. ఉపకరణాలు పరిమితమైనవని, ఊహకు, పిల్లల మధ్య సహకారానికి చోటు తక్కువని ఆయన వాదన. దీని ప్రభావంతో అమెరికాలో ఉద్యమం త్వరలోనే చల్లారి, మరల 1950ల చివరలో పుంజుకొంది. కట్టుకథలకు, కల్పిత ఆటలకు మాంటిస్సోరి తక్కువ విలువ ఇచ్చిందనే విమర్శ నేటికీ ఉంది. ఉపకరణాల ఖరీదు వలన పేదల కొరకు పుట్టిన ఈ విధానం అనేక దేశాలలో ధనికుల పాఠశాలలకు పరిమితమైంది.

2006లో ఏంజెలిన్ లిల్లార్డ్, నికోల్ ఎల్స్-క్వెస్ట్ ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలోని మిల్వాకీ నగరంలో లాటరీ ద్వారా మాంటిస్సోరి పాఠశాలలో చోటు దొరికిన పిల్లలను, దొరకని పిల్లలను వారు పోల్చి చూశారు. చోటు దొరికిన ఐదేళ్ళ పిల్లలు చదవడంలోను, లెక్కలలోను, తోటివారితో మెలగడంలోను ముందున్నట్లు తేలింది.

మాంటిస్సోరి అనే పేరుపై ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. అమెరికాలో 1967లో ఈ మేరకు తీర్పు వెలువడింది. అందువలన ఎవరైనా తమ పాఠశాలకు ఈ పేరు పెట్టుకోవచ్చును. తెలుగునాట కూడా ఈ పేరు గల పాఠశాలలు అనేకం ఉన్నాయి, విజయవాడలో వి.కోటేశ్వరమ్మ స్థాపించిన మాంటిస్సోరి విద్యాసంస్థలు సుప్రసిద్ధం. అయితే బోర్డు మీద పేరు ఉన్నంత మాత్రాన లోపల ఆ విధానం ఉన్నదని చెప్పలేము. మూడేళ్ళ పిల్లలను వరుసలలో కూర్చోబెట్టి పలకమీద వ్రాయించి, ఇంటిపని ఇచ్చే చోట ఈ విధానంలో మిగిలేది పేరు మాత్రమే. పిల్లలు తమ పనిని తాము ఎంచుకొంటున్నారా, వస్తువులు వారి చేతికి అందుతున్నాయా, వివిధ వయసులవారు కలసి ఉన్నారా, ఉపాధ్యాయురాలి గొంతు ఎంత తక్కువగా వినిపిస్తున్నది అన్నవి గమనిస్తే తేడా తెలుస్తుంది.

విశేషాలు

- ఇటలీ ప్రభుత్వం 1990లో విడుదల చేసిన వేయి లీరాల నోటుపై ఈమె చిత్రాన్ని ముద్రించింది. 2002లో యూరో వచ్చేవరకు ఈ నోటు చలామణిలో ఉంది.
- ఈమె శతజయంతి సందర్భంగా 1970లో భారత తపాలా శాఖ స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసింది.
- నాజీల కాలంలో దినచర్య వ్రాసిన బాలిక ఆన్ ఫ్రాంక్ ఆమ్‌స్టర్‌డాంలో మాంటిస్సోరి పాఠశాలలో చదివింది.
- గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇద్దరూ చిన్నతనంలో మాంటిస్సోరి పాఠశాలలలో చదివినవారే.

ఇవి కూడా చూడండి

- గిజుభాయి బధేకా
- తారాబాయి మోదక్
- రుక్మిణీదేవి అరండేల్
- ఫ్రెడరిక్ ఫ్రోబెల్